తలలో చుట్టం

సవరాల కార్ఖానాలో పనికి వచ్చినవాళ్లెవరైనా ముందు తల చూపించుకోవాలి. గేటు లోపల ఒక బెంచీ వేసి ఉంటుంది. దాని వెనక తనిఖీ ఆవిడ పేల దువ్వెన పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆడవాళ్లు వరసగా వచ్చి, జడ విప్పుకుని కూర్చుంటే, పాపిడి దగ్గరా చెవుల వెనకా దువ్వెన దించి, వెలుతురుకి ఎత్తి చూసి, "ఊఁ, వెళ్లు" అంటుంది. ఒక్క పేను లోపలికి దూరినా గిడ్డంగిలో ఉన్న జుట్టంతా పాడైపోతుందని యజమాని భయం.

ఆ వరసలో ఒక్క మనిషి మాత్రం బెంచీ మీద కూర్చునేది కాదు. నిలబడే తల కొంచెం వంచేది. తనిఖీ ఆవిడ దువ్వెన పక్కన పెట్టేసి, ఎడమ చెవి వెనక జుట్టు పాయ వేలితో తప్పించి చూసేది.

"చుట్టం బాగుందా?"

"దానికేం, గుండ్రాయిలా ఉంది. నాకే ఒంట్లో బాగుండదు."

"సరే, వెళ్లు."

ఆమె తలలో పేను ఉన్న సంగతి కార్ఖానాలో అందరికీ తెలుసు. ఆ ఇంటి ఆడవాళ్లకి ఉన్నది ఒక్కటే పేను, తరాల నుంచీ అదే పేను. ఈపులు పెట్టదు, పరాయివాళ్ల తలకి పాకదు, చావదు. తల గలావిడ కన్నుమూసిన రోజున, చుట్టూ కూర్చుని ఏడుస్తున్నవాళ్లలో ఆ ఇంటి ఆడమనిషి ఎవరో చూసుకుని ఆ తలకి ఎక్కుతుంది. రావడమే కానీ పోవడం తెలియదు కాబట్టి దానికి చుట్టం అని పేరు పడింది.

మొదట అది ఎక్కింది ఆమె తాతమ్మకి. తాతమ్మ గుండు చేయించుకుంటే చుట్టం కనుబొమ్మలో దాక్కుని, జుట్టు మొలిచేదాకా ఓపిగ్గా కూర్చుంది. ఇక లాభం లేదని తాతమ్మ మాడే మెల్లిగా మడమలా గట్టిపడింది. చుట్టం కొన్నాళ్లు పస్తులుండి, ఆ మడమని కూడా తొలిచే పళ్లు పెంచుకుంది. ఆవిడ తర్వాత అమ్మమ్మ వంతు. నడుస్తున్నంతసేపూ అది పడిపోకుండా వెంట్రుకని పట్టుకోవడంలోనే ఉంటుందనీ, కుట్టలేదనీ అమ్మమ్మ కనిపెట్టింది. అప్పటినుంచీ ఆవిడ కూర్చోవడం మానేసింది. చుట్టం వెనక కాళ్లకి కొక్కేలు మొలిచాయి. వెనక కాళ్లతో వేలాడుతూ కుట్టడం మొదలుపెట్టింది.

తల్లి చిన్నప్పుడే పోవడంతో అమ్మమ్మ నుంచి చుట్టం నేరుగా ఈమెకి వచ్చింది. మడమలాంటి మాడూ, ఒకచోట నిలవని కాళ్లూ ఈమెకి పుట్టుకతోనే వచ్చాయి. అవి చాలక ఒంట్లో రక్తం చేదెక్కింది. ఈమెని కుట్టిన దోమ వంకరటింకరగా ఎగిరి గోడకి కొట్టుకుని పడిపోయేది. చుట్టం కొన్నాళ్లు ఎండు ఆవగింజలా ముడుచుకుపోయింది. తర్వాత ఆ చేదుకీ అలవాటుపడింది. అలా ఒకరి మీద ఒకరు పంతానికి పోయి, ఈమె ఒక మెట్టు ఎక్కితే అది ఇంకో మెట్టు ఎక్కి, ఇంత కష్టపడి ఇద్దరూ మొదట ఉన్నచోటే ఉన్నారు.

కార్ఖానాలో ఈమెని పరుగులమ్మ అనేవాళ్లు. మేకుల పలక మీద జుట్టు కొట్టి లాగి చిక్కు తీసే పని ఆమెది, నిలబడి చేసేది. మధ్యాహ్నం గిన్నె చేత్తో పట్టుకుని ఆవరణ చుట్టూ తిరుగుతూ అన్నం తినేది. ఇంట్లో మంచాలని ఒకే గదిలో ఉండనిచ్చేది కాదు. కిటికీ పక్కనున్న బీరువా తలుపు పక్కకీ, తలుపు పక్కన ఉన్న బల్ల వంటగదిలోకీ ప్రయాణం చేస్తూ ఉండేవి. "అమ్మా, ఈ ఇంట్లో నాకు దారి చూపించడానికి ఒక మనిషిని పెట్టాలి," అనేవాడు కొడుకు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్.

కూతురు పెద్దది. పెళ్లి చేసుకుని ఊరికి ఆ చివర కాపురం పెట్టింది. తల్లి తర్వాత చుట్టం తనకే వస్తుందని చిన్నప్పటి నుంచీ ఆమెకి భయం. చూడ్డానికి వచ్చినప్పుడల్లా గుమ్మం దగ్గరే కుర్చీ వేయించుకునేది. "నువ్వక్కడే ఉండమ్మా, మాటలు బాగానే వినబడుతున్నాయి," అనేది. పరుగులమ్మ ఎలాగూ ఇల్లంతా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఆమె దగ్గరికి వచ్చినప్పుడల్లా కూతురి కుర్చీ వెనక్కి జరిగి, ఒక్కోసారి వీధిలోకి దిగిపోయేది.

కొడుకు పెళ్లి కుదిరింది కూడా కార్ఖానాలోనే. సరుకుల లిఫ్టు రెండో అంతస్తులో ఇరుక్కుపోతే బాగుచేయడానికి వెళ్లాడు. ఎదుటి గదిలో ఒక అమ్మాయి చెక్క తల ముందు కూర్చుని, వల మీద కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకే ముడి వేస్తోంది. అతను మూత విప్పినప్పుడు ఎలా కూర్చుని ఉందో, లిఫ్టు కదిలి అతను చేతులు తుడుచుకుంటున్నప్పుడూ అలాగే ఉంది. వేళ్లు తప్ప ఏదీ కదల్లేదు.

"కదలకుండా ఉన్న మనిషిని మొదటిసారి చూశానమ్మా," అన్నాడు ఆ సాయంత్రం, తల్లి వెనక వంటగదికీ వాకిలికీ మధ్య తిరుగుతూ.

"ఎవరు, మేం బొమ్మ అంటామే, ఆ అమ్మాయేనా?" అంది పరుగులమ్మ. "విగ్గులకి నుదుటి అంచు అల్లేది ఆ పిల్లే. దాని చేతిలో పడితే విగ్గని ఎవరూ అనుకోరు."

బొమ్మ కోడలై వచ్చింది. పరుగులమ్మకి ఆ పిల్లని చూస్తే ఎక్కడలేని ముచ్చట వేసేది. పని మధ్యలో ఆగి, అంటే ఆమె ఆగగలిగినంత ఆగి, కోడలు కూర్చున్న తీరు చూసేది. మంచాలు మార్చే రోజున బొమ్మని లేపబుద్ధి కాక, మంచంతో పాటే ఆమెనీ పక్క గదిలోకి లాక్కెళ్లేవాళ్లు. బొమ్మ నవ్వుకునేది తప్ప కాలు దించేది కాదు.

ఒకసారి నాటకాల కంపెనీవాళ్లు తెల్ల విగ్గు కావాలని తొందరపెట్టారు. సెలవు రోజున కూడా ఇంట్లోనే పని పెట్టుకున్నారు అత్తాకోడళ్లు. పరుగులమ్మ గది చుట్టూ తిరుగుతూ తెల్ల వెంట్రుకలు ఏరి అందిస్తోంది, బొమ్మ ముడి వేస్తోంది. ముడి సరిగ్గా పడిందా లేదా చూద్దామని పరుగులమ్మ వంగింది. ఇద్దరి తలలూ తగిలాయి.

తర్వాతి పాయ అందించడానికి పరుగులమ్మ కదలబోయి, కదల్లేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసేపటికి వీపు ఆనించింది. తర్వాత కాళ్లు చాపింది. వంటగదిలోంచి వచ్చిన కొడుకు ఆ దృశ్యం చూసి చేతిలో గిన్నె కింద పెట్టేశాడు.

"అమ్మా, ఒంట్లో ఎలా ఉంది?"

"మాట్లాడకురా. ఎంత నిశ్శబ్దంగా ఉందో." అంటూనే నిద్రలోకి జారిపోయింది.

బొమ్మ చేతిలో సూది ఆగింది. ఆమె ఎడమ చెయ్యి మెల్లిగా పైకి లేచి, చెవి వెనక్కి వెళ్లింది.

పెద్దావిడ బతికుండగానే చుట్టం తల మారడం ఇంతకుముందు ఎప్పుడూ లేదు. అయినా దాని ఇష్టం దానిది అనుకున్నారు వీధిలోవాళ్లు. తనిఖీ ఆవిడ, "ఓహో, నీ దగ్గరికొచ్చిందా," అని బొమ్మని లోపలికి పంపించేసింది. కబురు విన్న కూతురు ఆ రోజే వచ్చింది. గుమ్మం దగ్గర కుర్చీని దాటుకుని, గది దాటుకుని, తిన్నగా వచ్చి తల్లి పక్కన కూర్చుంది. కాసేపు తల్లి చేతుల వంక చూసింది. తర్వాత చిన్నపిల్లలా ఆమె ఒడిలో తల పెట్టుకుంది. పరుగులమ్మ ఆ తల మీద చెయ్యి వేసింది. కూతురి జుట్టు ఎంత మెత్తగా ఉంటుందో ఆమెకి ఇన్నేళ్లుగా తెలియదు.

ఆ నెల పరుగులమ్మ కూర్చుంది, నిద్రపోయింది, కూతురి తల దువ్వింది. మంచాలు ఉన్నచోటే ఉన్నాయి.

బొమ్మ మాత్రం మంచం మీద లేదు. ఆమె మాడు పసిపిల్లల మాడులా మెత్తన. రక్తం తియ్యన. ఇనప తలుపులు బద్దలుకొట్టడం నేర్చినవాడు గడియ కూడా లేని ఇంట్లో పడ్డట్టయింది చుట్టం వ్యవహారం. మూడు తరాల మొండితనం మీద పదునెక్కిన పళ్లు అవి. మెల్లిగా కుట్టడం దానికి రాదు. బొమ్మ కూర్చుంటే కుడుతుంది, పడుకుంటే కుడుతుంది. ఆమె లేచి నడిచేది. నడిచి అలిసి కూర్చునేది. కూర్చోగానే ఎగిరి లేచేది. అల్లిన నుదుటి అంచు వంకరపోతే విప్పేసేది, మళ్లీ అల్లేది, మళ్లీ విప్పేసేది. కార్ఖానాలో యజమాని ఆ విగ్గు ఎత్తి పట్టుకుని, "ఇది నీ చేతి పనేనా?" అని అడిగాడు.

ఆ పిల్ల మొహం పాలిపోతోందని పరుగులమ్మకి కనబడుతూనే ఉంది. దువ్వెనకి చుట్టలు చుట్టలుగా జుట్టు ఊడి వస్తోంది. దిండు మీద చిన్నచిన్న ఎర్రటి చుక్కలు. వంటింట్లోంచి వీధి గుమ్మానికీ, గుమ్మం నుంచి వంటింట్లోకీ రోజంతా ఆ పిల్ల అడుగుల చప్పుడు వినబడేది. అలవాటవడానికి కొంచెం టైము పడుతుంది, నేను మాత్రం పడలేదా, అనుకుని పరుగులమ్మ కళ్లు మూసుకునేది. కళ్లు మూస్తే నిద్ర వచ్చేది. ఆ నిద్ర ఎంత బాగుండేదంటే, లేచాక కోడలి వంక చూడటానికి ధైర్యం చాలేది కాదు.

వానలు మొదలయ్యేసరికి పరుగులమ్మ వేళ్లు వాచాయి. మొదట కణుపులు, తర్వాత మణికట్టు, తర్వాత మోకాళ్లు. మేకుల పలక మీద జుట్టు గుప్పిట పట్టలేకపోయింది. ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు లేచాయి. డాక్టరు దగ్గరికి వెళ్లింది. డాక్టరు ఆమె చెయ్యి తిప్పి చూసి, చెవి వెనక జుట్టు తప్పించి చూశాడు.

"చుట్టం ఏది?"

"కోడలి దగ్గరికి పోయింది."

"అదీ సంగతి. నీ రక్తానికి పుట్టినప్పటి నుంచీ దెబ్బలాట అలవాటు. ఎదుటివాడు వెళ్లిపోయాడు, చేతిలో కత్తి మాత్రం ఉంది. ఇప్పుడు ఎవరు కనిపిస్తే వాళ్లని నరుకుతోంది. లోపల ఉన్నది నువ్వే కదా."

"మందు లేదా?"

"నొప్పికి బిళ్లలు రాసిస్తాను. అసలు మందు మీ చుట్టమే."

ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ పరుగులమ్మకి సిగ్గు వేసింది. దాన్ని వెనక్కి తీసుకోవాలి. అయితే ఆ పిల్ల బాధ చూసినప్పుడు రాని ఆలోచన తన వేళ్లు నొప్పెడితే వచ్చింది. ఆ మాట పైకి ఎలా చెప్పాలో తెలియక, అవతలి వీధి దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది.

ఇంటి దగ్గర కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. "అమ్మా, మరదలు పొద్దున దారం కొనుక్కొస్తానని వెళ్లింది. ఇంతవరకూ రాలేదు."

దారం కొట్టు రెండు ఇళ్ల అవతల ఉంది. కొడుకు పని మధ్యలో వదిలేసి మోటారు సైకిలు మీద ఊరంతా తిరిగాడు. బొమ్మ బస్టాండులో లేదు, పుట్టింట్లో లేదు. పొద్దువాలుతుండగా నీళ్ల ట్యాంకు ప్రహరీ పక్కన కనబడింది. గోడ వెంట చేత్తో రాస్తూ గుండ్రంగా తిరుగుతోంది. చెప్పులు అరిగి ఒకటి తెగిపోయింది. దారం ఉండ గుప్పిట్లోనే ఉంది.

"ఎక్కడికి వెళ్తున్నావు?" అన్నాడు అతను, పక్కనే నడుస్తూ.

"ఎక్కడికీ లేదండీ. ఆగితే కుడుతోంది. నడుస్తుంటే కొంచెం ఊరుకుంటోంది. ఇల్లు దాటిపోయినట్టున్నాను, చూసుకోలేదు."

ఆమెని మోటారు సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. పరుగులమ్మ గోరువెచ్చటి నీళ్లు పళ్లెంలో పోసి, కోడలి ముందు నేల మీద కూర్చుంది. వాచిన వేళ్లతో ఆ పిల్ల పాదాలు నీళ్లలో పెట్టింది. నీళ్లు ఎర్రబడ్డాయి.

"నేను చూస్తూనే ఉన్నాను అమ్మాయ్," అంది తల ఎత్తకుండా. "నువ్వు పడుతున్న బాధ మొదటి రోజు నుంచీ చూశాను. చూసి కళ్లు మూసుకున్నాను."

"నాకు తెలుసు అత్తయ్యా."

"తెలిసీ అడగలేదేం?"

"మీరలా నిద్రపోతుంటే లేపబుద్ధి కాలేదు." బొమ్మ కాళ్లు నీళ్లలో ఆగకుండా కదులుతూనే ఉన్నాయి. "వదిన కూడా ఇంట్లోకి వస్తోంది కదా."

పరుగులమ్మ పళ్లెం పక్కకి జరిపి, కోడలి పక్కన కూర్చుని, తలకి తల ఆనించింది. "రావే," అంది చుట్టంతో. "నీ ఇంటికి నువ్వు రా." చుట్టం బొమ్మ చెవి పక్కదాకా వచ్చింది. అటు చూసింది, మీసాలు ఆడించింది. వెనక్కి తిరిగి మెత్తటి మాడు మీదికే వెళ్లిపోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. చేదు తాగి తాగి దానికి విసుగు పుట్టింది కాబోలు.

కూతురు మందుల షాపు నుంచి ఘాటైన ద్రావకం సీసా తెచ్చింది. "చంపేద్దాం. ఒక్క దెబ్బతో అందరికీ పీడ వదులుతుంది."

"అది చస్తే అమ్మ చేతులు ఎప్పటికీ ఇంతే కదక్కా," అన్నాడు కొడుకు.

"నా చేతుల సంగతి ఇప్పుడెవరూ అడగలేదు," అంది పరుగులమ్మ. "పట్టించండి."

ద్రావకం పట్టించి బొమ్మ తలకి తువ్వాలు చుట్టారు. విప్పి చూస్తే చుట్టం తువ్వాలు మీద వెల్లకిలా పడి ఉంది. నలుగురూ చుట్టూ చేరారు. ఇన్నేళ్ల తర్వాత దాన్ని అలా చూడటం వాళ్లకి కొంచెం ఇబ్బందిగా కూడా అనిపించింది. కొడుకు అగ్గిపెట్టె కోసం లేచాడు. వచ్చేలోగా చుట్టం ఒక కాలు ఆడించి, రెండో కాలు ఆడించి, తాగినవాడిలా తూలుకుంటూ తువ్వాలు అంచు మీంచి జుట్టులోకి ఎక్కేసింది. రెండోసారి పట్టించినప్పుడు కింద కూడా పడలేదు. మూడోసారికి ఆ ద్రావకంలో హాయిగా స్నానం చేసింది. బొమ్మ మాడు మాత్రం పొక్కిపోయింది. కూతురు ఏడ్చుకుంటూ సీసా మోరీలో పారబోసింది. ఆ రోజు ఆమె కుర్చీ మళ్లీ కాస్త గుమ్మం వైపు జరిగింది.

ఆ వారంలోనే బొమ్మ కార్ఖానా మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో అదే డాక్టరు ఆమె కనురెప్ప కిందికి లాగి చూసి, "ఒంట్లో రక్తం లేదు, వెంటనే ఎక్కించాలి," అన్నాడు.

"నాది తీసుకోండి," అంది పరుగులమ్మ.

"ఏ గ్రూపు?"

"ఇద్దరిదీ ఒకటేనట. కార్ఖానాలో అందరికీ చూశారు."

"నీది చేదు రక్తం కదమ్మా. బలహీనంగా ఉన్న పిల్ల, తట్టుకుంటుందా?"

"తియ్యటి రక్తం ఎంత ఎక్కించినా దానికే వడ్డించినట్టు. నాలుగు రోజుల్లో మళ్లీ ఇక్కడికే వస్తాం. మీరు చెప్పారుగా, నా ఒంట్లో కత్తికి పని లేదని. పని ఉన్నచోట పడేద్దాం."

డాక్టరు వెనక్కి తిరిగి చూశాడు. బొమ్మ అటు మంచం మీద పడుకుని కూడా కాళ్లతో దుప్పటి తన్నుతూనే ఉంది. "చుక్కలు చుక్కలుగా ఎక్కిద్దాం. ఏ మాత్రం తేడా వచ్చినా ఆపేస్తాను," అన్నాడు.

పరుగులమ్మ రక్తం సంచిలోకి దిగుతుంటే పైన సన్నగా నురగ కట్టింది. రంగు కూడా కాస్త నలుపు తిరిగి ఉంది. రెండు మంచాలూ పక్కపక్కన వేశారు. గొట్టంలోంచి మొదటి చుక్క పడ్డాక బొమ్మ ఒళ్లు వణికింది. డాక్టరు ఆపేద్దామని చెయ్యి ముందుకు చాపాడు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది. కాసేపటికి మొహం ముడుచుకుని నాలుకతో పెదవులు తడుముకుంది.

"అత్తయ్యా, నోరంతా చేదు."

"అదేనమ్మా నేను," అంది పరుగులమ్మ.

చుట్టం ఆ మధ్యాహ్నం బొమ్మని కుట్టింది. కుట్టి, సగంలో ఆగిపోయింది. ఉమ్మింది. జుట్టులోంచి నుదుటి అంచుకి వచ్చి నిలబడి, ఈ మంచం వంకా ఆ మంచం వంకా చూసింది. దిండు దాటి, మధ్యలో వేలాడుతున్న దుప్పటి మీంచి పరుగులమ్మ తలకి ఎక్కింది. అక్కడ రుచి చూసింది. వెంటనే మళ్లీ బొమ్మ దగ్గరికి పరిగెత్తింది. ఏ తల ఎవరిదో దానికి తెలియడం మానేసింది. ఆ రోజూ, తర్వాత ఇంటికి వచ్చాక కూడా, ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. అత్తాకోడళ్లు పక్కపక్కన కూర్చుని దాని తిరుగుడు చూస్తుంటే, చరిత్రలో మొదటిసారి చుట్టానికే నిలకడ లేకుండా పోయింది.

"తిరగనీ," అంది పరుగులమ్మ. "ఇన్నాళ్లు మనల్ని తిప్పింది."

అలా తిరిగే రోజుల్లోనే అది మారింది. బొమ్మ దగ్గర మెత్తటి మాడుకి పెద్ద పళ్లు అక్కర్లేదు. అక్కర్లేని పళ్లు అరిగిపోయాయి. అరిగిన పళ్లతో పరుగులమ్మ తల మీదికి వెళ్తే అవి దిగలేదు. ఆకలితో వెనక్కి వచ్చేది. ఇటు బొమ్మ రక్తం కూడా అత్త రక్తం దగ్గర చేదు నేర్చుకుంది, పూర్తిగా కాదు, వేపపువ్వంత. ఎక్కువ తాగితే చుట్టానికి కడుపులో తిప్పేది. అందుకని కొంచెం తాగి ఊరుకునేది. ఈ తల కూడా పోతే వెళ్లడానికి మరో తల లేదని దానికి తెలిసిందో ఏమో, ఎవరూ చెప్పలేరు. చలికాలం వచ్చేసరికి బొమ్మ తలలోనే స్థిరపడింది. దాని కుట్టు ఇప్పుడు దురద కూడా కాదు, వెనకనుంచి ఎవరో వేలితో తట్టి "లే" అన్నట్టు ఉండేది.

బొమ్మ బుగ్గలకి రంగు వచ్చింది. ఊడిన జుట్టు మళ్లీ మొలిచింది. పరుగులమ్మ అప్పుడప్పుడూ ఆసుపత్రికి వెళ్లి ఇంత రక్తం తీయించుకుని వచ్చేది. తీసిన రోజున లోపలి దెబ్బలాట తగ్గి, వేళ్లు తేలికపడేవి. కార్ఖానా పనికి అవి పనికిరాలేదు కానీ దువ్వెన పట్టుకోవడానికి సరిపోయేవి. కూతురు వారం వారం వచ్చి ఆమె ముందు కూర్చునేది. మరదలికి మాత్రం ఇంకా గది అవతలనుంచే పలకరింపు.

కానీ బొమ్మ మునుపటి బొమ్మ కాలేకపోయింది. చెక్క తల ముందు కూర్చుంటే కాసేపటికి ఆ వేలు తట్టేది. లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చేది. నుదుటి అంచు అల్లడం మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ వదిలేసింది. పాత అందం ఆ చేతికి రాలేదు. ఒకరోజు యజమాని ముందు నిలబడి ఏడ్చింది.

"కూర్చోలేని మనిషికి కూర్చునే పని ఎలా ఇవ్వను తల్లీ?" అన్నాడు యజమాని. చెడ్డవాడేం కాదు.

"తిరిగే పని ఇవ్వండి మరి."

"ఇక్కడ తిరిగే పని ఏముంది?"

"విగ్గులు పార్సిలు చేసి పంపిస్తున్నారు. పెట్టుకున్నాక తలకి సరిపోయిందో లేదో ఎవరు చూస్తున్నారు? నేను పట్టుకెళ్తాను. తల మీద పెట్టి, అంచు సర్ది వస్తాను."

యజమాని కాసేపు గడ్డం గీరుకుని, పోయిందేముంది అనుకున్నాడు. మర్నాటినుంచి బొమ్మ భుజానికి పెద్ద సంచి తగిలించుకుని ఊరి మీద పడింది. నాటకాల కంపెనీలూ, ముసలి పాటగాళ్ల ఇళ్లూ, బట్టతల దాచుకునే దుకాణదారులూ. బతుకంతా ఒకే కుర్చీలో గడిచిపోవాల్సిన మనిషి ఊళ్లో ఏ సందు ఎటు తేలుతుందో చెప్పగలిగే స్థితికి వచ్చింది. పరుగులమ్మ కిటికీలోంచి చూసి, "అదిగో, బయల్దేరింది," అనేది. ఆ గొంతులో సంతోషం ఎంతో, దిగులు ఎంతో కొడుక్కి తెలిసేది కాదు.

ఒకరోజు సంచిలో ఉన్న చివరి విగ్గు ఊరవతల పెద్దాసుపత్రిలో ఇవ్వాల్సింది. పెద్ద జబ్బుకి మందులు ఎక్కించుకుంటున్న ఆవిడ, బడిలో లెక్కలు చెప్పే టీచరట. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తల మీద ఒక్క వెంట్రుక లేదు.

"బల్ల మీద పెట్టి వెళ్లు," అంది తిరక్కుండానే.

"పెట్టి చూడాలండీ. అంచు సర్దాలి."

"ఎవరు చూస్తారని?"

బొమ్మ విగ్గు తీసి, మెల్లిగా ఆమె తలకి తొడిగి, నుదుటి మీద వేలితో సర్దింది. ఆ తల ఎంత మెత్తగా, ఎంత వేడిగా ఉందో ఆ వేలికి తగిలింది. టీచరు తిరిగి చూసింది. కళ్ల కింద నల్లటి గుంటలు.

"కాసేపు కూర్చో," అంది. "పొద్దున్నుంచీ మాట్లాడిన మనిషి లేదు."

బొమ్మ కుర్చీ వంక చూసింది. చెవి వెనక చుట్టం తట్టింది.

"నేను కూర్చోలేనండీ. ఒకచోట ఉండలేను, అదేంటో అలా అయిపోయాను." చెయ్యి చాపింది. "లేవండి, నడుద్దాం."

"నేనా? మంచం దిగి వారమైంది."

"నన్ను పట్టుకోండి."

టీచరు ఒక కాలు కిందికి దించింది. రెండోది దించడానికి చాలాసేపు పట్టింది. వరండాలో నర్సు ట్రే పట్టుకుని నిలబడి చూస్తోంది, పక్క మంచాలవాళ్లు తలలెత్తి చూస్తున్నారు. బొమ్మ భుజం పట్టుకుని టీచరు గోడ వెంట అడుగు తీసి అడుగు వేసింది. వరండా చివర కిటికీ దగ్గరికి చేరేసరికి ఆవిడకి ఆయాసం వచ్చింది. కిటికీ అద్దంలో తన జుట్టు చూసుకుని, చేత్తో పక్కకి తోసుకుంది.

"ఇక వెనక్కి వెళ్దామా?" అంది బొమ్మ.

టీచరు కిటికీలోంచి కింద రోడ్డు వంక చూస్తూ నిలబడింది. ఊపిరి అందుకున్నాక మెట్ల వైపు చూపించింది.

"అటేముంది?"